నల్ల టీషర్టు మీద ముకద్దమా

2003 మార్చిలో మొరాకోలోని కాసాబ్లాంకా అదాలత్‌లో 14 మంది నౌజవానులు నిలబడ్డారు. తొమ్మిది మంది నెక్రోస్, ఇన్ఫెక్టెడ్ బ్రెయిన్, రీబార్న్ అనే మెటల్ బృందాల్లో వాయించేవాళ్లు. మిగతా ఐదుగురు వాళ్ల పాటలు వినేవాళ్లు. సుబూత్‌గా చూపించిన సామానులో పుర్రె బొమ్మల నల్ల టీషర్టులు, సీడీలు, పోస్టర్లు ఉన్నాయి. మామూలు మనుషులు కచేరీకి సూటు వేసుకుని, టై కట్టుకుని వెళ్తారు కదా అని జడ్జీ సాహెబ్ అడిగినట్టు అప్పటి అఖ్బార్లు రాశాయి. ముసల్మాన్ల ఈమాన్‌ను సడలించే పనులు చేశారన్నది అసలు ఇల్జామ్. ఫైసలా వచ్చింది: ఒక నెల నుంచి ఏడాది దాకా జైలు.

ఈ కేసు మిగతా సగం తర్వాత చెబుతాను. దానికంటే ముందు ఈ మౌసికీ ఎక్కడ పుట్టింది, దాని పేరు చెప్తే పెద్దలు ఎందుకు ఉలిక్కిపడతారు అన్నది తెలియాలి. మన ఇళ్లల్లోనూ ఇప్పుడు ఈ సవాల్ మొదలైంది. ఇంజినీరింగ్ చదివే పిల్లవాడి ఫోన్‌లో మంచు అడవి, విరిగిన గోపురం, చదవడానికి వీలుకాని ముళ్లకంపలాంటి అక్షరాలు ఉన్న తస్వీర్ కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ తీసి అమ్మీ చెవిలో పెట్టుకుంటే ఎవరో గొంతు చించుకుని అరుస్తుంటారు. అడిగితే వాడు 'అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్' అంటాడు, లేకపోతే 'సింఫనిక్' అంటాడు. అమ్మీకి 'బ్లాక్' ఒక్కటే అర్థమవుతుంది. అబ్బా దాకా వెళ్లేసరికి అది షైతాన్ పూజ అవుతుంది.

షైతాన్ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే విషయం తేలిగ్గా తీసిపారేయలేం.

బ్లాక్ మెటల్ అన్న పేరు ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ కుర్రాళ్లది. వెనమ్ అనే వాళ్ల బృందం 1982లో అదే పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చింది. వాళ్లకు షైతాన్ ఒక తమాషా. జనాన్ని రెచ్చగొట్టి రికార్డులు అమ్ముకునే వేషం. స్వీడన్‌లో బాథరీ అనే బృందం ఆ వేషానికి మంచు గాలీ చీకటీ కలిపింది. తమాషాను నిజమనుకున్నవాళ్లు మాత్రం నార్వేలో దొరికారు. 1991లో ఆస్లో నగరంలో ఒక రికార్డుల దుకాణం తెరుచుకుంది. పేరు హెల్వెటె, అంటే జహన్నుమ్. నడిపినవాడు మేహెమ్ బృందం గిటారిస్టు. అసలు పేరు ఓయిస్టైన్ ఆర్సెత్, పెట్టుకున్న పేరు యూరోనిమస్. ఆ దుకాణం చుట్టూ ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు చేరారు. మొహానికి శవం రంగు పూసుకోవడం, క్యాసెట్లు ఒకరికొకరు పోస్టులో పంపుకోవడం, ఎవరు ఎక్కువ చెడ్డవాడో పోటీ పడటం. తిండికి కరువు లేదు, చదువు ఉచితం, దవాఖానా ఉచితం. దేశంలో గిర్జాఘర్‌కు చాలామంది పెళ్లికీ చావుకీ తప్ప పోయేవాళ్లు కాదు. మరి వీళ్లకు ఈసాయీ దీన్ మీద అంత పగ ఎక్కడి నుంచి వచ్చింది? వెయ్యేళ్ల కింద మా పూర్వీకుల దేవుళ్లను చంపి వచ్చిన మతమిది అన్నది వాళ్లు చెప్పుకున్న వజహ్. నాకు మాత్రం నిండిన కడుపు ఆడిన నాటకంగానే కనిపిస్తుంది. నాటకం ఎక్కడ ఆగాలో చెప్పే పెద్దవాడు ఆ దుకాణంలో లేడు.

1992 జూన్ 6న బెర్గెన్ నగరంలో ఫాంటాఫ్ట్ గిర్జాఘర్ తగలబడింది. అది 12వ శతాబ్దంలో పూర్తిగా చెక్కతో కట్టిన కట్టడం. మొదట వేరే ఊళ్లో ఉండేది, 1883లో విప్పి తెచ్చి బెర్గెన్‌లో మళ్లీ నిలబెట్టారు. ఎనిమిది వందల ఏళ్ల చెక్క ఒక్క రాత్రిలో బూడిద. ఆ తర్వాత దేశమంతా వరసగా మంటలు. 1996 వరకు యాభైకి పైగా గిర్జాఘర్‌ల మీద దాడులు జరిగాయని మామూలుగా చెప్పే లెక్క. అన్నీ వీళ్ల పనే కాదు, చాలావాటిలో వీళ్లు ఉన్నారు. బుర్జుమ్ పేరుతో ఒంటరిగా పాటలు చేసే వర్గ్ వికెర్నెస్ అనేవాడు ఫాంటాఫ్ట్ బూడిద ఫొటోనే తన రికార్డు అట్ట మీద వేసుకున్నాడు. దాని పేరు 'అస్కె', అంటే బూడిదే.

ఆ తారీఖు చూసినప్పుడల్లా నాకు ఒకటి తడుతుంది. సరిగ్గా ఆరు నెలల తర్వాత, డిసెంబర్ 6న, అయోధ్యలో మన మసీదు కూలింది. ఇబాదత్‌గాహ్ పడిపోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సూరె హజ్‌లో కాపాడాల్సిన ఇబాదత్‌గాహ్‌ల ప్రస్తావన వచ్చే చోట మసీదులతో పాటు రాహిబుల మఠాలు, గిర్జాలు, యహూదీల ప్రార్థనాలయాలు కూడా ఉన్నాయి. కాబట్టి బెర్గెన్‌లో కాలింది పరాయివాళ్ల కట్టడం అని మన దీన్ అనుకోనివ్వదు.

మంటల దగ్గరే ఆగలేదు. 1992 ఆగస్టులో లిల్లెహామర్‌లో ఒక మనిషిని ఎంపరర్ బృందం డ్రమ్మర్ కత్తితో పొడిచి చంపాడు. ఏడాది దాకా పోలీసులకు తెలియలేదు. 1993 జనవరిలో వికెర్నెస్ బెర్గెన్ పత్రిక ఒకదానికి పేరు దాచి ఇంటర్వ్యూ ఇచ్చాడు, మంటల గురించి గొప్పలు చెప్పుకున్నాడు. మార్చిలో ఇంగ్లండ్ పత్రిక కెర్రాంగ్ ముఖచిత్ర కథనం వేసింది. ఖబర్ రాసే పనిలో ఉన్నవాడిగా ఈ ముక్క నాకు మింగుడు పడదు. పత్రికలు భయపడుతూనే వాళ్లకు కావాల్సిన షోహ్రత్ ఇచ్చేశాయి. ఆగస్టు 10న వికెర్నెస్ ఆస్లో వెళ్లి యూరోనిమస్‌ను అతని ఇంటి మెట్ల మీద పొడిచి చంపాడు.

1994 మేలో వికెర్నెస్‌కు 21 ఏళ్ల సజా పడింది. అప్పటి నార్వే చట్టంలో అంతకంటే పెద్ద శిక్ష లేదు. హత్య, మూడు గిర్జాఘర్‌లు తగలబెట్టడం, పేలుడు పదార్థాలు దాచడం అతని జుర్మ్‌లు. ఫాంటాఫ్ట్ విషయంలో జ్యూరీ అతన్ని దోషి అనలేదు. దేశమంతా అతనే చేశాడని అనుకుంటున్నా, మంట ఫొటోను అట్టగా వేసుకున్నా, ఆ ఒక్క ఇల్జామ్ మీద సజా పడలేదు. ఎంపరర్ డ్రమ్మర్‌కు 14 ఏళ్లు. మరికొందరికి గిర్జాఘర్‌లు తగలబెట్టినందుకు జైలు. ఒక దేశపు ఇబాదత్‌గాహ్‌లు కాలిపోతున్నాయి, జనం కోపంతో ఉన్నారు, అయినా అదాలత్ అడిగింది 'అగ్గిపుల్ల ఎవరు గీశారు' అని. ఎవరు ఏ చొక్కా తొడుక్కున్నారని కాదు. అవే పాటలు వింటూ ఇంట్లో కూర్చున్న వందలమంది జోలికి చట్టం పోలేదు.

ఇప్పుడు ఆ మౌసికీ సంగతి. పిల్లలకు అందులో ఏం దొరుకుతోందో తెలియకుండా వాళ్లతో మాట్లాడలేం. బ్లాక్ మెటల్‌లో గిటార్ తీగను ఒకే సుర్ మీద, చెయ్యి కనపడనంత వేగంగా కొడుతూనే ఉంటారు. విడివిడి దెబ్బలు కలిసిపోయి రేకుల కప్పు మీద వానలా వినిపిస్తుంది. డ్రమ్స్ అంతకంటే జోరు. కానీ ఆ జోరు కింద అసలు ధున్ చాలా నెమ్మదిగా కదులుతుంది. అరుపు దాటి వినగలిగినవాడికి కనిపించేది ఆ నెమ్మదే. ఎంపరర్ కుర్రాళ్లు దీన్ని పట్టుకున్నారు. నెమ్మదిగా కదిలే ధున్‌కు ఆర్కెస్ట్రా సరిపోతుంది. ఆర్కెస్ట్రాకు పైసలు లేవు కాబట్టి కీబోర్డ్ మీదే వయొలిన్ల ఆవాజ్, బృందగానం ఆవాజ్ వాయించారు. 1993 జూలైలో బెర్గెన్‌లోని గ్రీగ్ హాల్‌లో రికార్డు చేశారు. నార్వే గర్వంగా చెప్పుకునే సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ పేరు మీద కట్టిన కచేరీ భవనం అది. డ్రమ్స్ ముందు కూర్చున్నవాడు ఇంకా దొరకని కాతిల్. 'ఇన్ ది నైట్‌సైడ్ ఎక్లిప్స్' పేరుతో 1994లో వచ్చిన ఆ ఆల్బమే సింఫనిక్ బ్లాక్ మెటల్‌కు పునాది. మేహెమ్ వాళ్లు అదే హాల్‌లో రికార్డు చేసిన ఆల్బమ్ కూడా అదే ఏడాది వచ్చింది. అందులో గిటార్ వాయించింది మక్తూల్ యూరోనిమస్, బేస్ గిటార్ వాయించింది కాతిల్ వికెర్నెస్. ఇద్దరి సాజ్ ఒకే పాటలో వినిపిస్తుంది.

అట్మాస్ఫెరిక్ అనేదానికి ఎక్కువమంది చూపించే మూలం బుర్జుమ్ ఆల్బమ్ 'ఫిలాసోఫెం'. 1993లో రికార్డయింది, 1996లో వికెర్నెస్ జైల్లో ఉండగా బయటికొచ్చింది. గిటార్‌కు వాడే పెద్ద స్పీకర్ వాడలేదు, ఇంట్లో పాటలు వినే స్టీరియోకు తగిలించాడు. గొంతు కోసం అన్నిటికంటే పనికిమాలిన మైకు కావాలని అడిగితే హెడ్‌ఫోన్‌కు ఉండే మైకు దొరికింది. అందులో ఒక కీబోర్డ్ ముక్క 25 నిమిషాలు. దాదాపు ఏమీ జరగదు. తన్‌హాయీ, ఖామోషీ, రాత్రి. ఆ ఉదాసీ చాలామంది పిల్లలకు నచ్చుతుంది. ఎందుకు నచ్చుతుందో నేను వాళ్ల మీద పడి విప్పిచెప్పను. రాత్రి రెండింటికి గజల్స్ వింటూ కూర్చున్న తరానికి ఆ హక్కు లేదు.

1997 నాటికి నార్వేలో వాతావరణం మారింది. ఫాంటాఫ్ట్ గిర్జాఘర్‌ను పాత నమూనాలోనే మళ్లీ కట్టడం ఆ ఏడాది పూర్తయింది. అదే ఏడాది డిమ్ము బోర్గిర్ అనే బృందం 'ఎంథ్రోన్ డార్క్‌నెస్ ట్రయంఫంట్' తెచ్చి సింఫనిక్ బ్లాక్ మెటల్‌ను యూరప్ అంతా అమ్మింది. 2011లో ఆ బృందం ఆస్లోలో వేదిక ఎక్కినప్పుడు వెనక కూర్చున్నది నార్వే ప్రభుత్వ రేడియో ఆర్కెస్ట్రా. పద్దెనిమిదేళ్ల కింద పోలీసులు వెతికిన మౌసికీకి జనం సొమ్ముతో నడిచే ఆర్కెస్ట్రా వయొలిన్లు వాయించింది.

అదే 1997 జనవరిలో కాహిరాలో పోలీసులు అర్ధరాత్రి ఇళ్ల తలుపులు కొట్టారు. డెబ్బైకి పైగా నౌజవానులను పట్టుకెళ్లారు. ఎక్కువమంది చదువుకున్న, కాస్త ఉన్న ఇళ్ల పిల్లలు. గోడల మీది పోస్టర్లు, క్యాసెట్లు, నల్ల బట్టలు జప్తు చేశారు. షైతాన్‌ను పూజిస్తున్నారు, సమాధులు తవ్వుతున్నారు అని అఖ్బార్లు రోజుకో కథ రాశాయి. హీలియోపోలిస్‌లో బేరన్ ఎంపెయిన్ మహల్ అనే పాడుబడ్డ భవనంలో పూజలు జరుగుతున్నాయన్నారు. మధ్యలో ఒక వింత. బెల్జియం కోటీశ్వరుడు కట్టించిన ఆ మహల్ మన దేశపు గుళ్లనూ కంబోడియా అంగ్‌కోర్ వాట్‌నూ చూసి గీయించిన నమూనా. గోపురం, రాతి విగ్రహాలు. కాహిరా జనానికి అది దయ్యాల కొంపలా కనిపించిందంటే ఆశ్చర్యం లేదు. తౌబా చేయకపోతే ఇర్తిదాద్ సజా ఉంటుందన్నట్టు మిస్ర్ ముఫ్తీ-ఎ-ఆజం మాట్లాడారని అప్పటి వార్తలు. కొన్ని వారాలు గడిచాయి. తవ్విన సమాధి ఒక్కటీ అదాలత్ దాకా రాలేదు. ముకద్దమా నడపకుండానే అందరినీ వదిలేశారు. బద్‌నామ్ మాత్రం ఆ పిల్లలకూ వాళ్ల వాలిదైన్‌కూ ఉండిపోయింది. ఏళ్ల పాటు ఆ దేశంలో మెటల్ కచేరీ పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు.

కాసాబ్లాంకా కేసు నడిచిన దారి వేరు. అక్కడ సజా పడగానే జనం వీధుల్లోకి వచ్చారు. మానవ హక్కులవాళ్లు, పత్రికలవాళ్లు, గిటార్ ముట్టని మామూలు వాలిదైన్. నిరసనగా కచేరీలు పెట్టారు. ఏప్రిల్‌లో అప్పీల్ అదాలత్ 11 మందిని బేగునాహ్ అంది, మిగతా ముగ్గురి సజా తగ్గించింది. మే 16న కాసాబ్లాంకాలో ఐదు చోట్ల ఆత్మాహుతి బాంబులు పేలాయి. 33 మంది మామూలు మనుషులు, వాళ్లతో పాటు 12 మంది హంతకులు చనిపోయారు. ఆ హంతకులు సీదీ మూమెన్ మురికివాడ నుంచి వచ్చిన కుర్రాళ్లు. నల్ల టీషర్టులు లెక్కపెట్టడంలో హుకూమత్ తలమునకలై ఉన్న నెలల్లోనే వాళ్లు తయారయ్యారు. నేను ఈ రెండు తారీఖులను పక్కపక్కన పెట్టి చూడమంటాను, అంతకంటే ఎక్కువ అనను.

ఒకటి మాత్రం అడగాలి. వేషం చూసి ముజ్రిమ్ అనడం మనకు కొత్త సంగతా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ పిల్లలను పట్టుకెళ్లారు. తర్వాత అదాలత్‌లు వాళ్లను నిర్దోషులన్నాయి, నష్టపరిహారం ఇస్తామని హుకూమతే ప్రకటించాల్సి వచ్చింది. గడ్డం, టోపీ, చదివిన మదర్సా, ఫోన్‌లో ఉన్న నంబర్లు. వాటిని చూసి గుమాన్ పెట్టుకున్నవాళ్ల మీద మన గుస్సా సబబే. ఆ గుస్సా ఉన్న ఇంట్లోనే పిల్లవాడి చొక్కా మీది పుర్రెను చూసి ఫైసలా చెప్పేస్తే సూరె హుజురాత్‌లో గుమాన్ గురించీ తహ్‌కీఖ్ గురించీ ఉన్న హుకుం ఎవరి కోసం?

అట్లాగని అంతా మాసూమ్ అనడానికి నేను సిద్ధంగా లేను. మౌసికీ జాయెజా కాదా అన్న బహస్ ఇమాం గజాలీ కంటే పాతది, దాన్ని ఉలమాకు వదిలేస్తాను. లఫ్జ్‌ల సంగతి వేరు. సౌదీ అరబ్ నుంచి 2008లో అల్-నమ్రూద్ అనే బ్లాక్ మెటల్ బృందం వచ్చింది. ఇబ్రాహీం అలైహిస్సలాంను ఆగ్‌లో వేయించిన నమ్రూద్, ముక్కులో దూరిన దోమతో చచ్చాడని మన నానీమాలు చెప్పే నమ్రూద్, ఆ పేరే పెట్టుకున్నారు. మొహాలు చూపరు, అసలు పేర్లు చెప్పరు, సొంత దేశంలో ఒక్కసారీ వేదిక ఎక్కలేదు. రికార్డులు కెనడా లేబుల్ తెస్తుంది, దాని పేరు షైతాన్ ప్రొడక్షన్స్. అరబ్బీ సాజ్, అరబ్బీ మకామ్, దాని మీద దీన్‌ను తిట్టే అరబ్బీ. వాళ్ల మాటలు నాకు నచ్చవు, అవి కుఫ్ర్ మాటలే. పిల్లవాడు వాటిని అర్థం తెలియకుండా వింటుంటే అర్థం చెప్పాల్సింది మనమే. జెరూసలేంలో 1993లో పుట్టిన మెలెచెష్‌ది ఇంకో దారి. వాళ్లు సుమేరు, బాబిలోన్ ఖిస్సాలు పాడతారు. 2001 ఆల్బమ్ పేరు 'జిన్'. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టలేం.

2010 ప్రాంతంలో ఇరాక్ నుంచి ఒక అమ్మాయి ఇస్లాంకు వ్యతిరేకంగా బ్లాక్ మెటల్ పాడుతోందని 'జనాజా' అనే పేరు తిరిగింది. పశ్చిమ దేశాల పత్రికలు ఎగబడ్డాయి. ఆమె నిజంగా ఇరాక్‌లో ఉందా, అసలు ఉందా అన్న అనుమానం మాత్రం మెటల్ వినేవాళ్లే ముందు లేవనెత్తారు. జర్నలిస్టులు చేయాల్సిన తహ్‌కీఖ్ అభిమానులు చేశారు.

నన్ను అడిగితే మన పిల్లలకు అల్-నమ్రూద్ కంటే ముందు చెప్పాల్సింది వికెర్నెస్ గురించి. 2009లో జైలు నుంచి వచ్చి ఫ్రాన్స్‌లో కాపురం పెట్టాడు. యహూదీల మీద, ముసల్మాన్ల మీద నఫ్రత్ రాతలు రాసినందుకు 2014లో పారిస్ అదాలత్ అతనికి ఆరు నెలల సస్పెండెడ్ సజా, 8,000 యూరోల జుర్మానా వేసింది. తన్‌హాయీ దొరుకుతుందని ఒక ముసల్మాన్ పిల్లవాడు రాత్రిపూట 'ఫిలాసోఫెం' వింటున్నాడంటే, ఆ ఆల్బమ్ చేసినవాడికి ఆ పిల్లవాడు ఉండటమే ఇష్టం లేదు. ఆ దారిలోనే నాజీ భావాలను మంచు అడవి తస్వీర్ల వెనక దాచి అమ్మే చిన్న లేబుళ్లు యూరప్‌లో ఉన్నాయి. షైతాన్ పేరు బాహాటంగా రాసుకునేవాడి కంటే వీళ్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే వీళ్ల అట్ట మీద చెట్లే ఉంటాయి.

అదే మౌసికీ ఇంకోచోట ఇంకో మాట చెప్పింది. అమెరికాలో పానాప్టికాన్ అనే పేరుతో ఒక్కడే వాయించే మనిషి 2012లో 'కెంటకీ' అనే ఆల్బమ్ చేశాడు. బొగ్గుగని మజ్దూర్ల హర్తాళ్లు, గని యజమానుల జుల్మ్, మధ్యలో పల్లె బాంజో. అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటలే. సింగరేణి తెలిసినవాడికి అందులో ఏం పరాయిగా ఉంటుంది? ఇప్పుడు కొత్తగా వస్తున్న బృందాల్లో సగం ఇలా ఒక్క మనిషి, ఒక గది. కంప్యూటర్‌లోనే ఆర్కెస్ట్రా దొరుకుతోంది, బ్యాండ్‌క్యాంప్‌లో పెడితే ప్రపంచమంతా వింటోంది, ముచ్చటపడ్డవాళ్ల కోసం కొద్దిపాటి క్యాసెట్లు కూడా వేస్తున్నారు. ఎవరు ఏ నీయత్‌తో చేశారో అట్ట చూసి చెప్పడం కుదరదు. పాటల లఫ్జ్‌లు చాలావరకు అదే పేజీలో ఉంటాయి, చదవొచ్చు. లేబుల్ పేరు వెతికితే అది ఇంకా ఎవరెవరిని అమ్ముతోందో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఈ పని పిల్లవాడితో కలిసి కూర్చుని చేస్తే వాడే మనకంటే త్వరగా చేస్తాడు.

ఈరాన్‌లో ఇంకా పాత దారే. తెహ్రాన్‌లో కన్ఫెస్ అనే మెటల్ బృందం ఉండేది, బ్లాక్ మెటల్ కాదు, ఇంకో రకం. 2015లో అందులోని ఇద్దరు కుర్రాళ్లను పట్టుకుని ఎవిన్ జైల్లో పెట్టారు. దీన్‌ను అవమానించారన్నది ఒక ఇల్జామ్, హుకూమత్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేశారన్నది ఇంకోటి. జమానత్ మీద బయటికొచ్చి దేశం దాటారు. తర్వాత వాళ్లు లేకుండానే పడ్డ సజాలో 74 కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. పనాహ్ ఇచ్చిన దేశం నార్వే. గాయకుడు ఉత్తరాన హార్‌స్టాడ్ అనే సముద్రపు ఊళ్లో ఉంటూ పాటలు రాసుకున్నాడు, 2022 జనవరిలో వాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చింది.